పంక్తిలో మనవడు

ప్రశ్న: అక్కా, మాది నరసన్నపేట దగ్గర పల్లె. అంగన్‌వాడీ కార్యకర్తని. కూతురూ అల్లుడూ హైదరాబాద్‌లో పనిలో ఉన్నారు. వాళ్ల బాబు నా కేంద్రానికే వస్తున్నాడు. గుడ్లు పెట్టేటప్పుడు నా చెయ్యి పెద్ద గుడ్డు కోసం వెతుకుతోంది. ఓరోజు ఒక తల్లి అది చూసి నవ్వింది. అప్పట్నుంచి వాణ్ణి చివర కూర్చోబెట్టి ఆఖర్న పెడుతున్నాను. వాడు ఏడుస్తున్నాడు. మమకారం చంపుకుంటేనే అందర్నీ సమానంగా చూడగలమా?

జవాబు: చెల్లెమ్మా, పంక్తిభేదం చెయ్యకూడదని మీరు భయపడ్డారు. కానీ వాణ్ణి చివరికి తొయ్యడమూ పంక్తిభేదమే.

ఈ తప్పు నేనూ చేశాను. ఆమదాలవలసలో టీచరుగా ఉన్నప్పుడు మా అమ్మాయి నా మూడో తరగతిలోనే ఉండేది. ప్రశ్న అడగ్గానే చెయ్యెత్తేది, నొప్పెడితే రెండో చేత్తో మోచేతిని పట్టుకుని మరీ ఎత్తేది. నేను దాని వెనకున్న పిల్లని లేపేదాన్ని. పెళ్లయి, పురిటికొచ్చినప్పుడు అంది: ‘అమ్మా, ఆ ఏడాదంతా నన్నొక్కసారీ లేపలేదు నువ్వు.’ అందర్నీ సమానంగా చూశాననుకున్నాను గానీ, నేను కాపాడుకున్నది నా మంచి పేరుని. అదీ మమకారమే కదమ్మా.

మన శాలిహుండం కొండ మీద ఒకప్పుడు బౌద్ధ భిక్షువులుండేవారు. మైత్రి (అందరి మేలూ కోరడం), కరుణ, ముదిత (ఎదుటివాళ్ల సంతోషానికి సంతోషించడం), ఉపేక్ష (అందర్నీ సమంగా చూడడం) అని నాలుగు భావనలు వాళ్ల ధర్మంలో ఉన్నాయి. మైత్రికి దగ్గరి శత్రువు రాగమే, అంటే మమకారమే అన్నాడు 5వ శతాబ్దపు బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు. అచ్చం ప్రేమలాగే ఉంటుంది కనుక పోల్చుకోలేం. ఆయనే ఒక సంగతి చెప్పాడు. మీరు, మీకిష్టమైనవాడు, ఎటూ కానివాడు, పగవాడు ఒకచోట కూర్చుని ఉంటే దొంగలొచ్చి ఒకణ్ణి ఇమ్మంటారు. ‘నన్ను తీసుకుపొండి’ అన్నా మనసులో నేను, వాళ్లు అనే హద్దు చెరగనట్టేనట. నలుగురిలో ఎవర్నీ ఇవ్వబుద్ధి కాకపోతేనే చెరిగినట్టు. మీరు మనవణ్ణి ఇచ్చేశారు, చెల్లెమ్మా.

వాడి మీద ప్రేమ గోరంతైనా తగ్గించకండి. ఇంటికెళ్లాక ఒళ్లో పెట్టుకుని ఎంతైనా ముద్దుచెయ్యండి. కేంద్రంలో మాత్రం వాడు కూర్చున్నచోటే ఉండనివ్వండి, వరసలో వాడి వంతు వచ్చినప్పుడే పెట్టండి. గిన్నెలోకి చూడకుండా చేతికందిన గుడ్డు తీసి, ఎదురుగా ఉన్న పిల్ల ముఖం చూస్తూ పేరు పెట్టి పిలిచి పెట్టండి. అమ్మానాన్నా వలసపోయిన పిల్లలు ఇంకా ఎందరున్నారో మీకు నాకన్నా బాగా తెలుసు.

ఆ నవ్విన తల్లి బిడ్డకి ఏ పాటంటే ఇష్టం? తెలీకపోతే రేపు అడగండి.