18446744073709551615కి ఉన్న ప్రత్యేకత ఏమిటి? ఇది ప్రధాన సంఖ్యేనా?

కాదు. చివర 5 ఉంది కాబట్టి 5తో భాగం పోతుంది. అంకెలన్నీ కూడితే 87, అందుకని 3తో కూడా పోతుంది.

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, తర్వాత రెండు, ఆ తర్వాత నాలుగు... ఇలా 64 గళ్లూ నింపితే అయ్యే మొత్తం ఇదే, అంటే 2^64 − 1. బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే రాస్తే వరసగా 64 ఒకట్లు. కంప్యూటర్‌లో 64 బిట్లలో (ఒక్కో బిట్ అంటే ఒక 0 లేదా 1) పట్టే అతి పెద్ద పూర్ణ సంఖ్య కూడా ఇదే.

నన్ను నిజంగా కట్టిపడేసేది దీని లోపలి అమరిక. స్కూల్లో నేర్చుకున్న రెండు వర్గాల భేదం సూత్రాన్ని మళ్లీ మళ్లీ వాడితే ఇది 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297గా విడిపోతుంది. ప్రతి సంఖ్యలోంచి ఒకటి తీసి, వర్గం చేసి, ఒకటి కలపండి, పక్క సంఖ్య వచ్చేస్తుంది! ఇలాంటివన్నీ ప్రధాన సంఖ్యలేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. మొదటి ఐదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోది మాత్రం 641 × 6700417 అని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు. కాలిక్యులేటర్ లేని రోజుల్లో!

ఆ మొదటి ఐదింటి లబ్ధం 4294967295. స్కేలు, వృత్తలేఖినితో గీయడం సాధ్యమని తెలిసిన క్రమ బహుభుజుల్లో, బేసి సంఖ్యలో భుజాలున్న వాటిలో అతి పెద్దదానికి సరిగ్గా ఇన్ని భుజాలుంటాయి.