నలభై ‘ఎస్ మేడమ్’లు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. పాఠం వీడియో పెట్టి ‘సందేహాలుంటే అడగండి’ అని నీ విద్యార్థుల గ్రూపులో రాస్తే నలభై మంది ‘ఎస్ మేడమ్’ అన్నారే తప్ప ఒక్కరూ నోరు విప్పలేదని వాపోయావు. తప్పు వాళ్లది కాదమ్మా. నా క్లాసులో మూడేళ్లు కూర్చున్నావు, ఎన్ని సందేహాలు అడిగావో గుర్తు చేసుకో!

2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’ కోర్సుల్లోనూ వీడియో, పాఠ్యం, స్వీయపరీక్షలతో పాటు చర్చకు విడిగా చోటుంది. చోటు చూపినంత మాత్రాన మాట పుట్టదు. ప్రశ్న కావాలి.

‘డిమాండ్ వ్యాకోచత్వాన్ని నిర్వచించండి’ అంటే, అదే, ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందో చెప్పమంటే, గైడులోని వాక్యాలే నలభైసార్లు వస్తాయి. లాక్‌డౌన్ రోజుల్లో నేనిలా అడిగాను: ‘మదనపల్లె మార్కెట్‌కు సరుకు పోటెత్తి టమాటా ధర సగానికి పడిపోయింది. మీ ఇంట్లో రెట్టింపు కొంటారా? కొనకపోతే రైతు గతి ఏమిటి?’ క్లాసులో ఏనాడూ తలెత్తని ఒక కుర్రవాడు రాత్రి పదిన్నరకు రాశాడు: ‘ధర సగమైందని మా అమ్మ పులుసులో రెట్టింపు వేయదు సార్. కోత కూలి కూడా రాదని నాన్న పంటను చేలోనే వదిలేశాడు.’

శభాష్ అని రాసి, సూత్రం విప్పి చెబుదామని చేతులు ఒకటే దురద. ఆపుకున్నాను. తెల్లారేసరికి ముగ్గురు వాదనకు దిగారు. కోల్డ్ స్టోరేజీలో పెట్టవచ్చు కదా అని ఒకరు, దాని అద్దె ఎవరు కడతారని ఇంకొకరు. నేను నోరు తెరిచి ఉంటే రాత్రే తీర్పు వెలువడినట్లు, అందరూ సర్దుకునేవారు. టీచరు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను కూడా ఆగడని, మూడు సెకన్లు ఆగితే జవాబుల నిడివి పెరుగుతుందని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే గమనించింది. అది తరగతి గది లెక్క. గ్రూపులో అయితే రెండు రోజులు ఆగు. ఒకే ఫోనును అన్నా చెల్లెలు పంచుకునే ఇళ్లున్నాయి, వాళ్లకూ వంతు రావాలి.

కాలేజీ తెరిచాక ఆ కుర్రవాడి వాక్యాన్నే బోర్డు మీద రాసి, దాని కింద సూత్రం రాశాను. ఆన్‌లైన్‌లో అన్న మాట క్లాసులోకి రాకపోతే రెండోసారి ఎవరూ రాయరు.

ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాస్తే కసురుకోకు. వాయిస్ మెసేజ్ పంపినా సరే. రాసినందుకు మార్కులు మాత్రం వద్దు. ఒకసారి పెట్టి, ముప్ఫై ‘నేను ఏకీభవిస్తున్నాను’లు దిద్దాను. ఇక ఏఐ చేత రాయిస్తారన్న నీ బెంగ: వాళ్ల అమ్మ పులుసు సంగతి దానికేం తెలుసు?

వచ్చే వారం గుత్తాధిపత్యం పాఠం అన్నావు. ప్రశ్నను గ్రూపులో పెట్టేముందు నాకు పంపు. గైడు వాసన వస్తే తిప్పి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ ఎకనామిక్స్ మాస్టారు