0180 అంటే లోపమా? డిస్క్రీట్ సెన్సర్ సంఖ్యను చదివే తీరు

సర్వర్ హార్డ్‌వేర్ స్థితిని చూపించే ఐపీఎంఐటూల్‌లో సెన్సర్ల జాబితా తీస్తే మొదటి పవర్ సప్లైకి 0180, రెండోదానికి 0980 వస్తున్నాయని, ఎస్‌డీఆర్ (సెన్సర్ డేటా రికార్డుల) జాబితాలో మాత్రం రెండింటి పక్కనా ‘ఓకే’ అనే ఉందని, దేన్ని నమ్మాలని అడిగారు. సంఖ్యనే నమ్మండి. మీ రెండో సప్లైకి కరెంటు అందడం లేదు.

మీ పవర్ సప్లైలకు ఉన్నలాంటి డిస్క్రీట్ సెన్సర్ ఇచ్చేది కొలత కాదు. ఉష్ణోగ్రతలాగా పెరిగిందా తగ్గిందా అని చూడటానికి అందులో ఏమీ ఉండదు. అదొక స్విచ్చుల వరుస, ఒక్కో స్విచ్చు (బిట్) ఒక్కో స్థితి ఉందో లేదో చెబుతుంది. హెక్సాడెసిమల్‌లో మొదటి రెండంకెలు 0 నుంచి 7 వరకు బిట్లు, తర్వాతి రెండంకెలు 8 నుంచి 14 వరకు. చివర కనిపించే 80ని వదిలేయండి. ఆ పై బిట్ 1గానే వస్తుందని, చదివేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని సర్వర్ హార్డ్‌వేర్ పర్యవేక్షణకు వాడే ఐపీఎంఐ ప్రమాణమే చెబుతోంది. ఇక మిగిలింది 09. బైనరీలో 00001001, అంటే 0వ బిట్, 3వ బిట్ వెలిగాయి. పవర్ సప్లై విషయంలో 0 అంటే సప్లై అమర్చి ఉంది, 3 అంటే దానికి ఇన్‌పుట్ కరెంటు పోయింది. మొదటి సప్లైలో వెలిగింది 0 ఒక్కటే, కాబట్టి అది క్షేమం.

ఇక్కడే నేను ఒకసారి బోల్తా పడ్డాను. సున్నా కానిది ఏది వచ్చినా హెచ్చరిక పంపేలా స్క్రిప్టు రాశాను. నిక్షేపంలా పనిచేస్తున్న ప్రతి సప్లై 0180 చూపించేది, రాత్రంతా ఫోను మోగేది. విసిగిపోయి, ‘ఓకే’ లేనప్పుడే పంపమని మార్చాను. ఫోను మోగడం ఆగింది. కొన్ని వారాల తర్వాత వేరే పని మీద ర్యాక్ వెనక్కి వెళ్తే ఒక సర్వర్ కేబుల్ సగం ఊడి వేలాడుతోంది. అన్ని రోజులూ నా తెర మీద ‘ఓకే’నే. డిస్క్రీట్ సెన్సర్ పక్కన ఆ మాటకు అర్థం రీడింగ్ అందింది అని మాత్రమే. పరికరం బాగుందని కాదు. ఆ పేరు పెట్టినవారిని ఇప్పటికీ తిట్టుకుంటాను.

పైగా బిట్ల అర్థం సెన్సర్ రకాన్ని బట్టి మారిపోతుంది. అదే 0180 డ్రైవ్ స్లాటులో వస్తే డిస్కు ఉందని, క్యాబినెట్ భద్రత సెన్సర్‌లో వస్తే మూత తెరిచారని. ప్రాసెసర్‌లో వస్తే అంతర్గత లోపం, పరుగెత్తాల్సిందే. ప్రాసెసర్ అమర్చి ఉందని చెప్పేది 7వ బిట్. అందుకే అక్కడ 8080 కనిపిస్తే నిశ్చింతగా ఉండవచ్చు. అన్ని సెన్సర్లకూ ఒకే నియమం రాయడం కుదరనిది ఇందుకే. సెన్సర్ ఈవెంట్/రీడింగ్ రకం సంఖ్య (సెన్సర్ రకం సంఖ్య వేరు) హెక్సాడెసిమల్‌లో 70 నుంచి 7ఎఫ్ మధ్య ఉంటే ఆ బిట్ల అర్థం తయారీదారు పత్రాల్లోనే దొరుకుతుంది, ఊహించవద్దు.

చేత్తో విప్పే ఓపిక లేకపోతే ఐపీఎంఐటూల్‌లో ‘ఎస్‌డీఆర్ ఇలిస్ట్’ ఆదేశం ఇవ్వండి, వెలిగిన స్థితులను మాటల్లోనే చూపిస్తుంది. హెచ్చరికల కోసమైతే ఫ్రీఐపీఎంఐ అనే మరో టూల్ నయం. అది ప్రతి స్థితినీ నామినల్, వార్నింగ్, క్రిటికల్‌గా విడదీస్తుంది, ఆ విభజనను మనం మార్చుకోవచ్చు కూడా.

ముందు రెండో సప్లై కేబుల్ రెండు చివరలూ గట్టిగా నొక్కి చూడండి. సంఖ్య 0180కి తిరిగి రాకపోతే ఆ కేబుల్‌ను కరెంటు ఉందని తెలిసిన మరో సాకెట్‌లో పెట్టండి. కరెంటు ఎప్పుడు పోయిందో సర్వర్ ఘటనల లాగ్ చూపించే ‘సెల్ ఇలిస్ట్’లో తేదీతో సహా ఉంటుంది.