ఈ-బుక్కుల్లో గీసుకున్న గీతలు ఎక్కడ ఉంటాయి, ఎలా దక్కుతాయి

ఫోను రీసెట్ చేశాక కొన్న పుస్తకాల్లో హైలైట్లు తిరిగి వచ్చాయి, విడిగా దించుకున్న ఈపబ్ (ఈ-బుక్కులకు వాడే ఒక ఫైలు రకం), పీడీఎఫ్ పుస్తకాల్లో మాత్రం ఒక్కటీ మిగల్లేదు, గ్రూప్-1 పరీక్ష దగ్గర పడుతున్న సమయంలో ఇలా అయింది, ఇకముందు ఏం చేయాలి, డబ్బు కట్టే సేవలు అవసరమా అని అడిగారు. ముందు ఎందుకు పోయాయో చెబుతాను. అది తెలిస్తే సగం జాగ్రత్తలు మీకే తోస్తాయి.

ఈ-బుక్కులో మీరు ఒక వాక్యానికి రంగు పూసినప్పుడు పుస్తకం ఫైలులో సాధారణంగా ఏమీ మారదు. ఫలానా పుస్తకం, ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా, పసుపు రంగు అని యాప్ తన పద్దులో విడిగా రాసుకుంటుంది. కొన్న పుస్తకమైతే ఆ పద్దు కంపెనీ సర్వర్లో మీ ఖాతా కింద ఉంటుంది. అందుకే కొత్తగా లాగిన్ కాగానే గీతలు వచ్చేశాయి. దించుకున్న ఈపబ్ అయితే చాలా యాప్‌లు ఆ పద్దును ఫోనులోనే, తమ ఫోల్డరులోనే ఉంచుతాయి. రీసెట్‌తో అది తుడిచిపెట్టుకుపోతుంది. పుస్తకం మెమరీ కార్డులో భద్రంగా ఉన్నా గీతలు ఉండవు. పీడీఎఫ్‌లో గీతలను ఫైలు లోపలే దాచే ఏర్పాటు ఉంది కానీ, కొన్ని యాప్‌లు మీరు సేవ్ నొక్కితే తప్ప అక్కడికి ఎక్కించవు.

పోయినవాటి కోసం ఒకసారి వెతకండి. పాత ట్యాబ్లెట్‌లో అదే యాప్ ఉందా, మూన్ రీడర్ లాంటి యాప్ వాడి ఉంటే గూగుల్ డ్రైవ్‌కో డ్రాప్‌బాక్స్‌కో బ్యాకప్ పెట్టుకున్నారా, ఎవరికైనా ఆ పీడీఎఫ్ పంపిన గుర్తుందా చూడండి. ఇవేవీ లేకపోతే ఆశ వదులుకోవడం మేలు.

నేను డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెబుతాను. పాఠాలకు కావలసిన వాక్యాలు ఏళ్ల తరబడి ఈ-రీడరులో, ఫోనులో, ల్యాప్‌టాప్‌లో పోగవుతూ వచ్చాయి. కొత్త యాప్ ఏదైనా పెట్టుకుంటే మొదటి అధ్యాయం మొదలుపెట్టకముందే ఒక చిన్న పరీక్ష చేస్తాను. ఒక వాక్యానికి గీత గీసి, పక్కన ఒక నోటు రాసి, యాప్ తీసేసి మళ్లీ పెడతాను. గీత తిరిగి రాకపోతే, దాన్ని పాఠ్యంగా బయటికి పంపే దారి కూడా లేకపోతే ఆ యాప్ ఎంత అందంగా ఉన్నా నాకు పనికిరాదు. దుకాణంలో దాని రేటింగు ఎంతైనా సరే.

అమెజాన్ అమ్మే ఈ-రీడరు కిండిల్ ఉన్నవారికి ఒక సుఖం ఉంది. యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు తగిలిస్తే డాక్యుమెంట్స్ ఫోల్డరులో మై క్లిప్పింగ్స్ అనే మామూలు టెక్స్ట్ ఫైలు కనిపిస్తుంది. మీరు గీసిన ప్రతి వాక్యం, రాసిన ప్రతి నోటు, తేదీతో సహా అందులో వరసగా పడుతూ ఉంటాయి. పుస్తకం కొన్నదా, మీరే ఎక్కించినదా అన్న తేడా దానికి లేదు. అది ఒక విధంగా దినచర్య పుస్తకం కూడా. గీత చెరిపేసినా పాత నమోదు అలాగే ఉంటుంది, సవరిస్తే కొత్త నమోదు వస్తుంది. చూడటానికి చిందరవందరగా ఉన్నా పోగొట్టుకోవడం కంటే నయం. ఫోనులోని కిండిల్ యాప్ ఇలాంటి ఫైలు తయారు చేయదు. పరికరాన్ని రీసెట్ చేస్తే ఈ ఫైలూ పోతుంది, కనుక అప్పుడప్పుడు కాపీ తీసి పెట్టుకోవాలి. కొన్న పుస్తకాల గీతలైతే అమెజాన్ వెబ్‌సైట్‌లోని నోట్‌బుక్ పేజీలో కూడా కనిపిస్తాయి. తీగతో ఎక్కించినవి అక్కడికి రావు.

అయితే కొన్న పుస్తకాలకు ఒక మెలిక ఉంది. పుస్తకంలో ఎంత భాగాన్ని బయటికి తీయవచ్చో ప్రచురణకర్త హద్దు పెడతాడు. చాలా పుస్తకాలకు అది పదో వంతు. అది దాటాక తెరమీద గీత పడుతుంది గానీ మై క్లిప్పింగ్స్‌లో వాక్యం బదులు హద్దు దాటారన్న సందేశం ఉంటుంది. పరీక్షకు చదివేవారు పేజీలకు పేజీలు రంగు పూస్తారు కాబట్టి ఇది మీకే ఎక్కువ తగులుతుంది. తక్కువ గీయండి. ఈ సలహా హద్దులు లేని యాప్‌లకూ వర్తిస్తుందని నా అభిప్రాయం. అన్నిటికీ గీత ఉన్న పేజీలో దేనికీ గీత లేనట్టే.

కంపెనీ ఖాతాలో ఉంటే నిశ్చింత అనుకోకండి. 2009 జులైలో అమెజాన్ హక్కుల వివాదం కారణంగా ఆర్వెల్ నవల 1984 ప్రతులను కొనుగోలుదార్ల కిండిళ్ల నుంచి దూరం నుంచే తొలగించింది. బడి పని కోసం ఆ నవలకు నోట్స్ రాసుకుంటున్న మిచిగన్ విద్యార్థి ఒకరు, తన నోట్స్ ఏ పేజీకి చెందినవో తెలియకుండా పోయాయని కోర్టుకెక్కాడు. చివరికి ఆ కంపెనీ 1,50,000 డాలర్లకు రాజీ చేసుకుంది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్కుల దుకాణాన్నే మూసేసింది. ఏప్రిల్‌లో అమ్మకాలు ఆపి, జులై నుంచి కొన్న పుస్తకాలను కూడా తీసేసి, డబ్బు తిరిగి ఇచ్చింది. వాటిలో గీతలూ నోట్సూ చేసుకున్నవారికి అదనంగా 25 డాలర్లు ఇచ్చింది. పాఠకుడి శ్రమకు ఒక కంపెనీ స్వయంగా వెల కట్టిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే. పీహెచ్‌డీ చేసేవారిని అడగండి, 25 డాలర్లు చాలునేమో.

మిగతా యాప్‌ల గురించి క్లుప్తంగా. గూగుల్ ప్లే బుక్స్ సెట్టింగుల్లో నోట్స్‌ను గూగుల్ డ్రైవ్‌లో ఒక డాక్యుమెంటుగా దాచే వీలుంది, దాన్ని ఆన్ చేసి ఉంచండి. కేఓ రీడర్ అనే ఉచిత యాప్ పుస్తకం పక్కనే ఎస్‌డీఆర్ అనే ఫోల్డరు తయారు చేసి గీతలు అందులో పెడుతుంది. పుస్తకం వేరే చోటికి మారుస్తున్నప్పుడు ఆ ఫోల్డరును కూడా వెంట తీసుకుపోవాలి. కంప్యూటరులో చదివేవారికి కాలిబర్‌ను మించింది నేను చూడలేదు. కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టిన ఉచిత ప్రోగ్రామ్ అది. 2020లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి అందులో హైలైట్ సౌకర్యం ఉంది. అన్ని పుస్తకాల గీతలనూ ఒకేచోట వెతకవచ్చు, కావాలంటే ఒక ప్రతిని ఈపబ్ ఫైలులోనే దాచమని చెప్పవచ్చు.

ఇక తెలుగు పుస్తకాలు. మీ ప్రశ్నలో దీని ప్రస్తావన లేదు గానీ పరీక్ష తెలుగు మాధ్యమంలో రాస్తున్నారని అన్నారు కాబట్టి చెబుతున్నాను. పేజ్‌మేకర్‌లో 'అను' అనే తెలుగు ఫాంట్లతో కూర్చిన పుస్తకాన్ని పీడీఎఫ్ చేస్తే తెరమీద అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. గీత గీసి, ఆ వాక్యాన్ని కాపీ చేసి చూడండి. అర్థం లేని రోమన్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. ఆ ఫాంటు యూనికోడ్ (అన్ని యంత్రాలూ ఒకేలా చదివే అక్షర సంకేతాల పద్ధతి) కాదు మరి. అంటే హైలైట్ల ఎగుమతి సజావుగా జరిగిందని యాప్ చెప్పినా మీ చేతికి వచ్చేది చెత్తే. పాత పుస్తకాల స్కానులతో ఇంకో ఇబ్బంది. అక్కడ పేజీ అంతా ఒక బొమ్మ, గీత అంటే ఆ బొమ్మ మీద పసుపు పట్టీ, దాని కింద పాఠ్యం ఉండదు. ఈ రెండు రకాలకూ నేను చేసేది ఒక్కటే. ఆ పేజీని బొమ్మగా గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు పాఠ్యం చాలావరకు సరిగానే వస్తుంది. ఒత్తులు, సంఖ్యలు ఒకసారి సరిచూసుకోవాలి, ముఖ్యంగా సంవత్సరాలు. ఒకటి రెండు వాక్యాలే అయితే ఫోనులో తెలుగు కీబోర్డు మైకు నొక్కి చదివేస్తాను. ఉచిత పుస్తకాల సైటు వికీసోర్స్ నుంచి దించుకున్న ఈపబ్‌లు యూనికోడ్‌లోనే ఉంటాయి, హాయి. కానీ అక్కడి పాఠ్యాన్ని స్వచ్ఛంద కార్యకర్తలు సరిదిద్దుతూనే ఉంటారు. మళ్లీ దించుకుంటే అది కొత్త ఫైలు, పాత గీతలు దానికి సరిగా అతకకపోవచ్చు. మొదటి ఫైలును పారేయకండి.

నా పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. పుస్తకం పూర్తయిన రోజే గీతలన్నీ బయటికి తీస్తాను. పుస్తకానికి ఒక టెక్స్ట్ ఫైలు, పేరులో రచయిత, పుస్తకం, ముద్రణ సంవత్సరం. వర్డ్ కూడా వాడను, టెక్స్ట్ ఫైలును ఏ యంత్రమైనా తెరుస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఒక ప్రతి, డ్రైవ్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి. పేజీ సంఖ్యకు బదులు కిండిల్ ఇచ్చే లొకేషన్ సంఖ్యను నమ్మను, వేరే ప్రతిలో అది ఎందుకూ కొరగాదు. అధ్యాయం పేరు, కాగితం పుస్తకపు పేజీ తెలిస్తే అదీ రాస్తాను. వాక్యం పూర్తిగా ఉంటే ఏ ప్రతిలోనైనా వెతికి పట్టుకోవచ్చు. పక్కన "ముఖ్యం" అని మాత్రం రాయకండి. ఆరు నెలల తర్వాత అది ఎందుకు ముఖ్యమో మీకే తెలియదు. "రైత్వారీ, జమీందారీ తేడాకు ఉదాహరణ" అని రాస్తే జవాబు రాసేటప్పుడు నేరుగా పనికొస్తుంది.

డబ్బు కట్టే సేవల గురించి. రీడ్‌వైజ్ లాంటివి కిండిల్ గీతలను తమంతట తామే లాక్కుంటాయి, మై క్లిప్పింగ్స్ ఫైలును కూడా తీసుకుంటాయి, పాతవాటిని రోజూ కొన్ని గుర్తుచేస్తాయి. నెలనెలా చందా ఉంటుంది. బ్యాకప్ తీయడానికి బద్ధకించే మనిషైతే కట్టవచ్చు. మీ దగ్గర ఉన్నవి ఎక్కువగా తెలుగు పీడీఎఫ్‌లే కాబట్టి, నా మటుకు నేనైతే పరీక్ష అయ్యేదాకా ఆ డబ్బు పెట్టను.