ఇంట్లో వండిన కూరే, మరి సాల్మొనెల్లా ఎలా వచ్చింది?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. పోయిన నెల, మే ఎండల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం చికెన్ వండి, మిగిలింది రాత్రికి తిన్నాం. మర్నాటికి మా ఆరేళ్ల బాబుకి జ్వరం, విరేచనాలు. పరీక్షలో సాల్మొనెల్లా అనే క్రిమి ఉందన్నారు. ఇప్పుడు తగ్గింది. బయట తిండి అసలు పెట్టం. ఎండలకి వేడి చేసిందని మా అత్తగారు అంటారు. ఇక వానలొస్తున్నాయి, మళ్లీ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అత్తగారి మాట కొట్టిపారేయలేమమ్మా, కాకపోతే వేడి చేసింది బాబు ఒంటికి కాదు, గిన్నెలో కూరకి. సాల్మొనెల్లాకి 37 డిగ్రీల వేడి బాగా ఇష్టం, మే నెల మధ్యాహ్నం బెజవాడ వంటింట్లో ఉండేది దాదాపు అదే. అరగంటకోసారి రెట్టింపయినా 8 గంటల్లో ఒక్క క్రిమి 65 వేలు దాటుతుంది. ఉడికినప్పుడు క్రిములు చచ్చిపోయాయి, నిజమే. కానీ పచ్చి చికెన్ ముట్టుకున్న చేత్తో గరిటె పట్టుకున్నా, అదే కత్తితో కొత్తిమీర తరిగి పైన చల్లినా, మూత తీసినప్పుడు ఈగ వాలినా మళ్లీ చేరతాయి. చికెన్‌ని కుళాయి కింద పెట్టి కడగడం కూడా మానేయండి, ఆ తుంపర పక్కనున్న గిన్నెల మీద పడుతుంది. అంత ఎండల్లో మిగిలిన కూర గంటలోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, తినేముందు కుతకుత ఉడకాలి. ఫ్రిజ్‌లో క్రిమి పెరగదు, అంతే, చావదు.

వానల్లో కథ వేరు, అప్పుడు చూసుకోవాల్సింది నీళ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు మీ వీధుల్లోకి వచ్చినప్పుడు మురుగు ఎక్కడెక్కడికి చేరిందో మీరు కళ్లారా చూసే ఉంటారు. అంత వరద రాకపోయినా చాలు. కుళాయి వదలని వేళల్లో పైపులో ప్రెషర్ ఉండదు, పైపుకి చిన్న పగులుంటే పక్క డ్రైనేజీ నీరు లోపలికి లాగేసుకుంటుంది, దానికితోడు కుళాయికి నేరుగా మోటారు బిగించామంటే ఆ మురుగుని మన చేతులతో మనమే పీల్చుకున్నట్టు. దయచేసి ఆ పని మీ వీధిలో ఎవర్నీ చేయనివ్వకండి. నీళ్లు వదిలిన మొదటి కాసేపు రంగు, వాసన చూసి పారబోయండి, తాగేవి మరిగించండి, వరదనీరు చేరిన సంపుని కడిగించి క్లోరిన్ వేయించండి.

ఇంకొకటి, చాలామందికి తట్టనిది. కళ్లంలో ఆరబోసిన మిరపకాయల మీద పక్షులూ ఎలుకలూ తిరుగుతాయి కదా, పొడి కారంలో ఈ క్రిమి పెరగదు గానీ నెలల తరబడి బతికుంటుంది. కూరలో ఉడికే కారంతో భయం లేదు, జామకాయ ముక్కల మీద చల్లి పిల్లలకి పెట్టేదాన్ని మాత్రం కాస్త వేయించి వాడండి.

బాబుకి తగ్గినా మలంలో క్రిమి కొన్ని వారాలు పోతూనే ఉంటుంది, కాబట్టి బాత్రూమ్‌కి వెళ్లొచ్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి. మళ్లీ విరేచనాలైతే ఓఆర్ఎస్ పట్టండి, మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేయకండి. మలంలో రక్తం కనిపించినా, జ్వరం తగ్గకపోయినా, పిల్లాడు మగతగా పడి ఉన్నా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.