హ్యాడ్ బీన్ ఎక్కడ పెట్టాలి?

కావలి

చిరంజీవి అబ్బయ్యకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన వ్యాసం చదివాను. ఇంగ్లీషు బాగానే ఉంది గానీ, నాలుగు లైన్లకొక 'హ్యాడ్ బీన్' తగిలింది. పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ నాకూ వచ్చని పేపర్లు దిద్దే ఆయనకు చూపించుకోవాలని కాబోలు! ఆయనకు దానిమీద మోజేమీ ఉండదురా.

'ఐ హ్యాడ్ బీన్ వెయిటింగ్ ఫర్ యాన్ అవర్ ఎట్ ఒంగోల్ బస్‌స్టాండ్' అని రాసి చుక్క పెట్టేశావు. సరే, గంట కూర్చున్నావు, ఆ తర్వాత? 'వెన్ ద కందుకూర్ బస్ కేమ్' అని ఉంటే ఆ వాక్యం నిలబడేది. గడిచిపోయిన కాలంలో ముందు ఒక గుంజ పాతుకోవాలి. అక్కడిదాకా సాగుతూ వచ్చిన పనికే హ్యాడ్ బీన్, దాని వెనక ఇంగ్ చేరిన క్రియ. ముందు వాక్యంలోనే గుంజ ఉంటే మళ్లీ పాతక్కర్లేదు. ఎక్కడా లేకపోతే మాత్రం దాని జోలికి పోవద్దు.

మా జిల్లాకు పేరైన పొట్టి శ్రీరాములు గారినే తీసుకో. 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్షకు కూర్చున్నారు, డిసెంబరు 15న కన్నుమూశారు. రెండు తేదీలూ కలుపుకుంటే 58 రోజులు. 'హి హ్యాడ్ బీన్ ఫాస్టింగ్ ఫర్ ఫిఫ్టీ ఎయిట్ డేస్ వెన్ హి డైడ్.' ఎన్నాళ్లుగా అంటే ఫర్, ఎప్పట్నుంచి అంటే సిన్స్. ఇంతవరకు నీకూ తెలుసు. ఆ తర్వాత డిసెంబరు 19న ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ ప్రకటించారు. దాన్ని ఎలా రాస్తావు? 'నెహ్రూ అనౌన్స్‌డ్', అంతే. కథ ముందుకు నడుస్తున్నంతసేపూ ఉత్త పాస్ట్ చాలు. చెబుతున్న చోటినుంచి ఒక్కసారి వెనక్కి తిరిగి చూడాల్సి వచ్చినప్పుడే హ్యాడ్. నీ వ్యాసంలో తప్పులన్నీ దాదాపు ఇక్కడివే.

ఇంకో వాడకం ఉంది, నాకు భలే ఇష్టం. పని ఆగిపోయింది, దాని గుర్తు మాత్రం మనిషిమీద మిగిలింది. చీమకుర్తి క్వారీలో డ్యూటీ దిగి టీకొట్టు దగ్గరకొచ్చిన మనిషిని చూడు. కనుబొమల మీద, చెవుల మడతల్లో, చొక్కా కాలరులో బూడిదరంగు రాతిపొడి. 'హిజ్ ఐబ్రోస్ వర్ గ్రే విత్ డస్ట్. హి హ్యాడ్ బీన్ కటింగ్ స్టోన్.' ఇక్కడ ఎన్ని గంటలుగానో చెప్పకపోయినా లోటు లేదు, ఆ పొడే చెబుతుంది. అదే 'హి వాజ్ కటింగ్ స్టోన్' అన్నావనుకో, మనం చూసేసరికి మిషను ఇంకా తిరుగుతూనే ఉన్నట్టు.

మిగతావి గబగబా చెప్పేస్తా. నో, బిలీవ్, లైక్ లాంటి క్రియలకు ఇంగ్ తగిలించొద్దు. 'ఐ హ్యాడ్ నోన్ హిమ్ ఫర్ ఇయర్స్' అనాలి, 'హ్యాడ్ బీన్ నోయింగ్' అనకూడదు. లెక్క చెప్పినప్పుడు కూడా ఇది పనికిరాదు. మూడు ఉత్తరాలు రాసేసి ఉంటే 'హ్యాడ్ రిటెన్ త్రీ లెటర్స్'. పాసివ్‌లో 'హ్యాడ్ బీన్ బీయింగ్ బిల్ట్' అని రాయాల్సివస్తే వాక్యం తిప్పి 'దే హ్యాడ్ బీన్ బిల్డింగ్' అనేయ్, నోరు తిరుగుతుంది. ఇప్పటికీ సాగుతున్న పనికైతే హ్యాడ్ కాదు, హ్యావ్ బీన్. మనవాళ్లు 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2010' అంటుంటారు చూడు, అక్కడ రావాల్సింది 'హ్యావ్ బీన్ వర్కింగ్'.

పరీక్షలో మాత్రం ఇది ఎక్కువగా ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లో దొరుకుతుంది. రిపోర్టింగ్ క్రియ సెడ్ అని ఉంటే, 'ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్' కాస్తా 'హి సెడ్ హి హ్యాడ్ బీన్ వెయిటింగ్' అవుతుంది. 'ఐ వాజ్ వెయిటింగ్' అన్నదాన్ని కూడా గ్రామర్ పుస్తకాలు అలాగే మారుస్తాయి. మాటల్లో చాలామంది మార్చరు, ఆ వాదన పరీక్ష హాల్లో పెట్టుకోకు.

నీ వ్యాసం ప్రింటు తీసి ఎర్రపెన్నుతో గీతలు పెట్టాను, ఫొటో పంపుతున్నా. ఒక్కో గీత దగ్గర ఆగి, గుంజ ఎక్కడుందో వెతుకు. కనబడకపోతే హ్యాడ్ బీన్ కొట్టేసి, ఆదివారంలోగా తిరగరాసి పంపు. ఈసారి చేత్తో రాయి, స్పెల్లింగులు కూడా చూడాలి.

మీ పెదనాన్న