ఆరో తరగతి పిల్లలకు ముందు బాత్‌రూమ్ చూపించండి

ఈ ఏడాది మిమ్మల్ని హైస్కూల్లో ఆరో తరగతికి క్లాస్ టీచర్‌గా వేశారు, కొత్త పిల్లలు బెదిరిపోకుండా మొదటి వారం ఏం చేయాలని అడిగారు కదా. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరేళ్ళు అదే క్లాసు చూశాను, నాకు తెలిసింది చెబుతాను.

మొదటి ఏడాది నేనే తప్పు చేశాను. జూన్ 12న బడి తెరవగానే, ఎవరి లెవెల్ ఏంటో చూద్దామని పరీక్ష పెట్టాను. ఓ అబ్బాయి తెల్లకాగితం ఇచ్చి వెళ్ళాడు. తర్వాత రెండు రోజులు బడికే రాలేదు. ఆ వారం పరీక్షల జోలికి పోకండి.

అసలు వాళ్ళ టెన్షన్ పాఠాల గురించి కాదు. ఒకడు బెల్లు కొట్టినప్పుడల్లా పుస్తకాలు సర్దేసి, బ్యాగు తగిలించుకుని నిలబడేవాడు. వాడి పాత బడిలో బెల్లంటే ఇంటర్వెల్, అన్నం, ఇల్లు, అంతే! పీరియడ్‌కో టీచర్ మారడం వాడికి కొత్త. అప్పటినుంచి ఏ బెల్లు దేనికో మొదటిరోజే చెప్పి, టైంటేబుల్ నోట్సు అట్ట లోపల రాయిస్తున్నాను. లేకపోతే రోజూ అన్ని పుస్తకాలూ మోసుకొస్తారు.

ఇంకో అమ్మాయి సాయంత్రం దాకా సీసాలో నీళ్ళు ముట్టేది కాదు. ఎందుకమ్మా అంటే తల దించుకుంది. పక్కపిల్ల చెప్పింది: "బాత్‌రూమ్ ఎటుందో తెలీదంట మేడం. అక్కడ పెద్దక్కలుంటారని భయమంట."

ఇప్పుడు బాత్‌రూమ్, మంచినీళ్ళ కుళాయి, ఆఫీసు రూము చూపించే పని ఏడో తరగతి వాళ్ళకిస్తాను. వాళ్ళకి నిరుటి భయం ఇంకా గుర్తుంటుంది. కొత్తవాళ్ళ ఊరి పిల్లలే అయితే మరీ మంచిది. పదో తరగతి వాళ్ళకి మాత్రం ఇవ్వకండి, పెత్తనం మొదలెడతారు. మధ్యాహ్న భోజనం లైన్లో ఈ వారం చిన్నవాళ్ళని ముందు పంపమని హెచ్‌ఎం గారినడగండి.

ఒకే ఊరి పిల్లలు గుంపుగా కూర్చుంటారు. కూర్చోనివ్వండి, రెండో వారంలో మార్చవచ్చు. చాలామందికి హిందీ ఇక్కడే మొదలు. "ఎవరికీ రాదు, అక్షరాల నుంచే నేర్పుతారు" అని చెబితే మొహాలు తేటపడతాయి.

పాత బడి ఇచ్చే రికార్డ్ షీటు, ఆధార్ జిరాక్స్ తేలేదని మాత్రం పిల్లల్ని నిలబెట్టకండి. వాళ్ళ అమ్మకో నాన్నకో ఫోన్ చేయండి.